పెండ్లికొడుకే చెప్పిన అడ్డం

ఆయిల్ ఇంజన్లు బాగుచేసేవాళ్ల దృష్టిలో లోకంలోని అన్ని రోగాలకూ మందు ఒక్కటే, నూనె. దావీదురాజు కూడా ఆ నమ్మకంలోనే పెరిగినవాడు. అందుకని నల్లగుట్టపల్లె చర్చిలో హార్మోనియం మూలుగుతోందని పాస్టరు అయ్యగారు చెప్పగానే, ఆయన ఇంకో మాట అనేలోపే సైకిలుకు కట్టుకున్న డబ్బా విప్పాడు. హార్మోనియం పొట్ట తెరిచి, లోపల కనిపించిన ఇత్తడి రీడ్లన్నిటి మీదా శ్రద్ధగా నూనె చుక్కలు వేశాడు. అయ్యగారు సంతోషించి అతని కోసం చిన్న ప్రార్థన కూడా చేశారు.

హార్మోనియం మూలగడం మానేసింది. పాడటం కూడా మానేసింది.

మరునాడు ఆదివారం. మిషను బడి పంతులమ్మ విశ్వాసమ్మ ఎప్పటిలాగే దాని ముందు కూర్చుని తిత్తి ఊపింది, మెట్టు నొక్కింది. గాలి వచ్చింది గాని స్వరం రాలేదు. వేలికి అంటిన జిడ్డును వాసన చూసింది. తర్వాత మగవాళ్ల చాపల వైపు తిరిగి, చివర కూర్చున్న కొత్త మనిషి మీద చూపు నిలిపింది.

"ఏమప్పా, దీంట్లో నూనె పోసింది నువ్వేనా?"

"పోయలే. చుక్కలేసినా."

"ఎందుకేసినావు?"

"మూలుగుతాందని చెప్పినారు. ఇంజను మూలిగితే నూనేస్తాం."

"రేపు నా గొంతు బొంగురుపోతే నాకూ వేస్తావా?"

ఆడవాళ్ల చాపల మీద నవ్వులు లేచాయి. రాజుకు దీటైన జవాబు తట్టింది, కాకపోతే సాయంత్రం తట్టింది. అప్పటికి వినేవాళ్లు ఎవరూ లేరు.

ఇది కర్నూలుకు రాజధాని హోదా పోయిన మరుసటేటి మాట. రాజుది కర్నూలే. రాయచోటి దారిలో ఉన్న ఆ పల్లెలో ఒక రెడ్డిగారు బావికి కొత్త ఇంజను పెట్టిస్తే, బిగించడానికి కర్నూలు షాపువాళ్లు అతణ్ణి పంపారు. ఇంజను పని వారంలో అయిపోయింది. హార్మోనియం పని మాత్రం తెమలలేదు. ఒక్కో రీడును విప్పి, పెట్రోలు గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మళ్లీ బిగించాలి. బడి వదిలాక విశ్వాసమ్మ వచ్చి పర్యవేక్షించేది. తొందరగా కానిమ్మని ఆమె అనలేదు. తొందరగా చేయాలని అతనికీ అనిపించలేదు.

ప్రేమకథ అన్నాక ఇక్కడ ఒక వాన పడాలి. ఇద్దరూ ఒకే చూరు కింద నిలబడాలి. కానీ ఆ యేడు మబ్బులు వచ్చి ఊరిని చూసిపోయాయే గాని దిగలేదు. కాబట్టి వాళ్లిద్దరూ ఎండకు భయపడి ఒకే చూరు కింద నిలబడ్డారు. కావలసిన పని దాంతోనే జరిగింది.

"మీసం ఊరికే ఎందుకు తడుముకుంటాంటావు?" అని ఒకరోజు అడిగింది విశ్వాసమ్మ. "యాడికన్నా పోతాదని భయమా?"

రాజు చటుక్కున చెయ్యి దించేశాడు. ఆమె ఆటపట్టించడానికే అన్నది గాని, అతని భయం సరిగ్గా అదే.

అంతకు ముందటేడు అతని వృషణాల్లో ఒకటి గట్టిపడి గడ్డలా తేలింది. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని ఎవరికి చూపించాలి, ఏమని చెప్పుకోవాలి? సిగ్గుతో కొన్నాళ్లు దాచాడు. చివరికి తల్లి ప్రేమమ్మ కనిపెట్టి మద్రాసు పెద్దాసుపత్రికి లాక్కుపోయింది. అక్కడ కేన్సరు అన్నారు. దాన్ని తీసేశారు. తర్వాత వారాల తరబడి పొట్ట మీద ఎక్స్‌రే కరెంటు పెట్టారు. ఇంటికి పంపే రోజున డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ప్రాణానికి భయం లేదు. కానీ పిల్లల విషయం..." అని మొదలుపెట్టాడు. ఆ ఒక్క మాటతో రాజు చెవులు మూసుకుపోయాయి. డాక్టరు ఇంకా చాలాసేపు చెప్పాడు. రాజు తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ కూర్చున్నాడు.

తనకు పిల్లలు పుట్టరన్నది అతనికి అర్థమైన ముక్క. తాను పూర్తి మగవాణ్ణి కానేమో అన్నది అతను సొంతంగా కలుపుకున్న ముక్క. అప్పటినుంచి రోజూ లేవగానే మీసం ఉందో లేదో చూసుకోవడం అలవాటైంది.

కర్నూలులో అందరికీ ప్రేమమ్మ ఒకటే మాట చెప్పింది, కడుపులో గడ్డ తీశారని. పల్లెలో పంతులమ్మ సంగతి చెవినపడగానే ఆమె బస్సెక్కి వచ్చి, పిల్లను చూసి, పిల్ల తండ్రి ఏసేపుతో మాట కూడా కలిపేసింది. రాజు తల్లిని పక్కకు పిలిచాడు.

"మ్మా, ఆ యమ్మికి చెప్పాల గదా."

"ఏం చెప్తావు? గమ్మునుండు. పెండ్లయితే అన్నీ సర్దుకుంటాయి."

ఏసేపు పెళ్లాం పోయిన మనిషి. కొద్దిపాటి వేరుశెనగ చేను, ఒక్కతే కూతురు, అదీ ఆయన ఆస్తి. నిశ్చయం నాడు కాబోయే అల్లుడికి మజ్జిగ ఇస్తూ, "నాకు పెద్ద ఆశలేం లేవప్పా. మనవళ్లు నలుగురైదుగురు నా వీపెక్కి తొక్కితే చాలు," అన్నాడు. రాజుకు మజ్జిగ పొరబోయింది. ఏసేపు ఆప్యాయంగా నెత్తి మీద తట్టాడు.

చెప్పాలని రాజు ప్రయత్నించకపోలేదు. రెడ్డిగారి బావి దగ్గర ఆమె నీళ్లకు వచ్చినప్పుడు ధైర్యం కూడదీసుకున్నాడు.

"నీకొక సంగతి చెప్పాల."

"చెప్పు." ఆమె బిందె దించి, కొంగు సర్దుకుని, బాగా చెవి పెట్టింది. పెళ్లి కుదిరిన పిల్లకు ఎలాంటి సంగతి వినాలని ఉంటుందో అందరికీ తెలిసిందే.

"ఈ ఇంజను... పిస్టను అరిగిపోతాండాది."

"మొన్నే కదా కొత్తది బిగించినావు?"

"అయినా అరుగుతాండాది."

ఆమె బిందె ఎత్తుకుని నవ్వుతూ పోయింది. సిగ్గరి అనుకుంది. రాజు తనను తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయదగినవి కావు.

వాళ్ల సంఘంలో పెండ్లికి ముందు మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదవాలి. ఫలానావారికీ ఫలానావారికీ పెండ్లి, అడ్డం ఏదైనా ఎరిగినవారుంటే ఇప్పుడే చెప్పవలెను, అని. అయ్యగారు ఆ మాట చదివి ఒకసారి అటూ ఇటూ చూస్తారు. ఎవరూ ఏమీ అనరు. అన్నవాళ్లను ఇంతవరకు ఎవరూ చూడలేదు. రెండు ఆదివారాలు అలాగే గడిచాయి. రెండుసార్లూ రాజు నోరు తెరిచి ఆవులించినట్టు నటించాడు.

మూడో ఆదివారం అయ్యగారు చదువుతుంటే రాజు అవతలి వైపు చూశాడు. విశ్వాసమ్మ తాటాకు విసనకర్రతో విసురుకుంటూ, తలవంచుకుని, తనలో తాను నవ్వుకుంటోంది. ఆ నవ్వుకు కారణం తానే. ఆ నవ్వును మోసం చేసి జీవితమంతా దాని పక్కన బతకడం తన వల్ల కాదని అతనికి ఆ క్షణంలో తెలిసిపోయింది. లేచి నిలబడ్డాడు.

అయ్యగారు కళ్లజోడు సర్దుకున్నారు. "ఏమప్పా, నీళ్లు కావాల్నా?"

"కాదయ్యగారూ. అడ్డం ఉండాది."

"ఎవరి పెండ్లికి?"

"నా పెండ్లికే."

"నీ పెండ్లికి నువ్వే అడ్డం చెప్తాండావా? ఏంది అడ్డం?"

అందరూ అటే చూస్తున్నారు. నోటిదాకా వచ్చిన మాట ఆ చూపులకు వెనక్కి పోయింది. "మద్రాసులో..." అని మాత్రం అనగలిగి, చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచాడు.

ఆ ఒక్క మాట చాలు ఊరికి. జనం చర్చి గేటు దాటేలోపు రాజుకు మద్రాసులో ఒక పెళ్లాం ఏర్పడింది. బావి దగ్గరికి వచ్చేసరికి ఇద్దరు బిడ్డలు కూడా పుట్టారు. డాక్టర్లు ఇవ్వలేనిది ఊరివాళ్లు ఇచ్చారు.

బడి అరుగు మీద కూర్చున్న రాజు ముందుకు విశ్వాసమ్మ వచ్చి నిలబడింది. చేతిలో అతని చెప్పులున్నాయి. వాటిని కింద పడేసింది.

"పేరేంది?"

"ఎవరిది?"

"మద్రాసులో ఉండేదానిది."

"అయ్యో, పెండ్లాం కాదు విశ్వాసమ్మా. ఆసుపత్రి."

మొదలుపెట్టాడు. ఇంజను గురించి కాదు. గడ్డ, ఆపరేషను, కరెంటు, తల్లి చెప్పిన అబద్ధం, తాను దాచిన రోజులు, అన్నీ నేల చూస్తూ చెప్పాడు. "రెండిట్లో ఒకటి తీసేసినారు. కరెంటుతో మిగిలినదీ పాడైందంట. నాకు పిల్లలు పుట్టరు. మీ నాయన ఆశ నేను తీర్చలేను. ఇంకో మంచి సంబంధం చూసుకో," అన్నాడు.

ఆమె వెళ్లిపోయిందేమోనని రాజు తలెత్తి చూశాడు. ఆమె అక్కడే ఉంది.

"ఆ జబ్బు మల్లా వస్తాదా?"

"రాదనే చెప్పినారు. ఆర్నెల్లకోసారి వచ్చి చూపిచ్చుకోమన్నారు."

"పోయినావా?"

"ఒకసారి పోయినా. పెండ్లి మాటలు మొదలైనాక పోలే. నువ్వు యాడికి పోతాండావని అడుగుతావని."

అప్పుడు ఆమెకు నిజంగా కోపం వచ్చింది. హార్మోనియం నాటి కోపం దీని ముందు కోపమే కాదు.

"పిల్లలు పుట్టరని నన్ను ఇంకొకరిని చూసుకోమంటాండావే, నీ పానం సంగతి ఒక్క మాట ఎత్తలేదేంది? చూపిచ్చుకోకుండా తిరుగుతాండావా? నేను కట్టుకోవాలనుకున్నది నిన్ను కాదా?" కొంగుతో కళ్లు ఒత్తుకుని, పంతులమ్మ కాబట్టి మళ్లీ ప్రశ్నల్లోకి దిగింది. "డాక్టరు పిల్లల సంగతి చెప్పినాడు సరే. ఆ తర్వాత ఏం చెప్పినాడు?"

"తెల్దు."

"తెల్దంటే?"

"ఆ తర్వాత నేను ఫ్యాను చూస్తాంటి."

ఏడుపు మధ్యలో ఆమెకు నవ్వు ఆగలేదు.

ఆ వారంలోనే పాస్టరమ్మగారిని తోడు తీసుకుని ముగ్గురూ దగ్గరి టౌనులో ఉన్న మిషను ఆసుపత్రికి వెళ్లారు. డాక్టరు రాజును ఒక్కణ్ణే లోపలికి రమ్మన్నాడు. రాజు తలుపు దగ్గర ఆగి, "ఆమెను గూడా పిలవండి సార్. నేనొక్కణ్ణే వింటే సగమే వింటా," అన్నాడు. ముందు పరీక్షలు జరిగాయి. సూక్ష్మదర్శిని కింద చూడవలసిన పరీక్ష కూడా ఒకటి జరిగింది. అదెలా జరిగిందో రాజు ఎవరికీ చెప్పలేదు. మనమూ అడగొద్దు.

"ఆ అవయవం చేసే పనులు రెండు," అన్నాడు డాక్టరు. "బిడ్డ పుట్టడానికి కావలసిన వీర్యకణాలను తయారు చేయడం ఒకటి. మనిషిని మగవాడిగా నిలబెట్టే రసాన్ని రక్తంలోకి పంపడం రెండోది. గొంతు, మీసం, బలం, భార్య మీద మనసు, అన్నీ ఆ రసం వల్లే. మొదటి పని చాలా సున్నితం. కరెంటు పొట్ట మీద పెట్టినా, పక్కకు చెదిరిన కాస్తకే అది ఆగిపోతుంది. రెండోది గట్టిది, అంత సులువుగా చెడదు. దానికి మిగిలినది ఒక్కటైనా సరిపోతుంది. నీకు సరిపోతూనే ఉంది."

"అంటే నేను..." రాజు మీసం మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"నువ్వు భర్తగా ఉండటానికి ఏ లోటూ లేదు. ఆ భయం వదిలెయ్."

తోడుగా లోపలికి వచ్చిన పాస్టరమ్మగారు గోడ మీది క్యాలెండరులోని పండుగలన్నీ చదవడం మొదలుపెట్టారు.

"మరి పిల్లలు సార్?" అని విశ్వాసమ్మే అడిగింది.

"ఇప్పటికి వీర్యకణాలు కనపడలేదు. ఇప్పటికి అంటున్నాను, వినండి. కొందరికి రెండు మూడేళ్లకు తిరిగి వస్తాయి. కొందరికి ఇంకా ఆలస్యం. కొందరికి రానే రావు. ఇతను ఎందులో ఉంటాడో నేను చెప్పలేను. చెప్తే అబద్ధం అవుతుంది."

"ఈయన బతుకుతాడా?"

డాక్టరు ఆమె వైపు తిరిగాడు. "ఈ రకం కేన్సరు ఆ కరెంటుకు బాగా లొంగుతుందమ్మా. చెప్పినప్పుడల్లా పోయి చూపించుకుంటే చాలా ఏళ్లు బతుకుతాడని నా నమ్మకం."

తిరుగు బస్సులో విశ్వాసమ్మ కిటికీ పక్కన కూర్చుంది. రాజు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. గువ్వలచెరువు ఘాటు ఎక్కుతూ బస్సు రొప్పుతున్నప్పుడు, ఆ చప్పుడులో అతనికి మాత్రమే వినపడేలా అంది.

"నాకు పిల్లలంటే ఇష్టం లేదనుకోవద్దు. శానా ఇష్టం. పుట్టకపోతే నేను ఏడుస్తా. చెప్తాండా ముందే."

"ఊ."

"నీ పక్కన కూచోనే ఏడుస్తా."

రాజు కడ్డీని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. కళ్లలో దుమ్ము పడిందని పాస్టరమ్మగారికి చెప్పాడు.

ఇక్కడితో కథ సుఖాంతం అయ్యేదే, చర్చిలో అడ్డం చెప్పి ఉండకపోతే. అయ్యగారు నియమం తెలిసిన మనిషి. సంఘం ముందు చెప్పిన అడ్డానికి సంఘం ముందే సమాధానం రావాలన్నారు. అది తేలకుండా తాను పెండ్లి చేయలేనన్నారు. పైగా మద్రాసు పెళ్లాం ఊళ్లో రోజురోజుకూ బలపడుతోంది. ఇప్పుడామె అందగత్తె కూడా.

రాజు ముందుగా ఏసేపు దగ్గరికి వెళ్లి, కలుపు తీస్తున్న చేనిలోనే నిలబడి మొత్తం చెప్పాడు. నిలబడి చెప్పడం ఇప్పుడు కొంచెం వచ్చింది. ఏసేపు వింటూ కలుపు తీస్తూనే ఉన్నాడు. ఆ వరస చివరిదాకా పోయి, తిరిగి వచ్చి, "ఆదివారం చూస్తాం," అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత వారమంతా ఆయన అల్లుడి వైపు గాని కూతురి వైపు గాని చూడలేదు.

ఆదివారం చర్చిలో చోటు చాలలేదు. ప్రతి వారం ఎగ్గొట్టేవాళ్లు కూడా ఆ రోజు భక్తిగా వచ్చారు. ప్రేమమ్మ కర్నూలు నుంచి వచ్చి స్తంభం వెనక కూర్చుంది. అయ్యగారు, "దావీదురాజూ, ఆ పొద్దు నువ్వు చెప్పిన అడ్డం ఏందో ఇప్పుడు సంఘానికి చెప్పల్ల," అన్నారు.

రాజు లేచాడు. పిల్లలు, ముసలమ్మలు, తనతో బీడీ పంచుకున్నవాళ్లు, అందరూ చూస్తున్నారు. చెప్పక తప్పదు. చెబితే ఈ ఊళ్లో ఎవడు ఎదురుపడ్డా ముందు తన పంచె వైపే చూస్తాడు. అయినా సరే అనుకున్నాడు. "నాకు మద్రాసులో ఆపరేషను..."

"అయ్యగారూ."

ఆడవాళ్ల చాపల మీద విశ్వాసమ్మ లేచి నిలబడింది. ఆ చర్చిలో ఆడవాళ్లు పాటకు తప్ప గొంతెత్తరు. విసనకర్రలన్నీ ఆగిపోయాయి.

"ఆయన చెప్పాలనుకున్నది నాకు చెప్పినాడు. నేను విన్నా. డాక్టరు దగ్గర గూడా విన్నా. నాకు అడ్డం లేదు."

"సంతోషమమ్మా. కానీ అదేందో సంఘానికి తెలియాల గదా."

"ఎందుకయ్యగారూ? కాపురం చేసేది నేను గదా. అడగాల్సింది నేను అడిగినా."

వెనక నుంచి ఎవరో గొణిగారు, "మద్రాసు పెండ్లాం సంగతేంది మల్ల?"

"పెండ్లాం లేదు, ఏం లేదు," అంది విశ్వాసమ్మ. "ఆడ ఆసుపత్రిలో పడుకోని పానం దక్కించుకోని వచ్చినాడు. దాచిపెట్టి నన్ను కట్టుకోనుంటే అది అడ్డం. ఆయన దాచలేక లేచి నిలబడినాడు. ఇట్లాంటి మనిషిని వదులుకోమని మీరు చెప్తారా?"

అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నియమాల్లో ఈ సందర్భం ఉన్నట్టు లేదు. మగవాళ్ల వైపు తిరిగి, "పిల్ల తండ్రి ఏమంటాడు?" అన్నారు.

ఏసేపు మోకాళ్లు పట్టుకుని నెమ్మదిగా లేచాడు. వారం రోజుల తర్వాత మొదటిసారి ఆయన కూతురి వైపు చూశాడు, తర్వాత అల్లుడి వైపు.

"ఈ పిల్లోడు గమ్మున కూచోనుంటే పెండ్లి అయిపోయుండేది. ఎవురికీ తెలిసేది గాదు. కూచోలే. నా బిడ్డను వీనికే ఇస్తా. సదవండి అయ్యగారూ, ఎండెక్కుతాండాది."

అయ్యగారు చదివారు. ఈసారి అడ్డం అడిగినప్పుడు ఆయన పక్కలకు చూడటానికి కూడా భయపడ్డారు. స్తంభం వెనక ప్రేమమ్మ ముక్కు చీదిన చప్పుడు మాత్రం వినపడింది.

ఆరాధన అయ్యాక బయట వేపచెట్టు కింద ఏసేపు రాజును ఆపాడు. ఏం చెప్పాలో ముందే అనుకుని వచ్చినట్టున్నాడు, అయినా ముందు తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

"ఆ పొద్దు మనవళ్లని వాగినా. నా మాటకేనా నీ నోరు పడిపోయింది?"

"కొంచెం, మామా."

"ముసిలోణ్ణి. ఏదో ఒకటి వాగుతాంటా. పుడితే ఎత్తుకుంటా. పుట్టకపోతే నా బిడ్డా నువ్వూ ఉండారు గదా. ఆర్నెల్లకోసారి మద్రాసు పోవాలంట గదా. ఒక్కడివే పోవద్దు. నేనూ వస్తా. ఆడ సముద్రం ఉంటాదంట, నేనెప్పుడూ చూడలే."

రాజు వంగి ఆయన కాళ్లు పట్టుకోబోతే, ఏసేపు కసురుకుని లేపి, వెనక్కి చూడకుండా ముందుకు నడిచాడు. విశ్వాసమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఇద్దరూ ఆ ముసలాయన నడిచిపోవడం చూస్తున్నారు.

"విశ్వాసమ్మా," అన్నాడు రాజు. "ఇంకొక సంగతి ఉండాది."

ఆమె మొహం పాలిపోయింది. "ఇంకా ఏముండాది?"

"నువ్వంటే నాకు శానా ఇష్టం. అన్నీ చెప్పినా గాని, ఇది చెప్పలే."

ఆమె ఊపిరి వదిలింది. చుట్టూ ఊరు ఊరంతా నిలబడి చూస్తోంది. అయినా అతని చెయ్యి పట్టుకుంది.

"దీన్ని గూడా చర్చిలో లేచి చెప్తావేమో అనుకుంటి," అంది.